మన ఆరోగ్యం: మందు మానాలంటే తోడెవరు?

చుట్టూ యాభై మైళ్ళలో మనవాళ్ళవి రెండే ఇళ్ళు. అలాంటి ఊళ్ళో తాగుడు మానాలనుకున్న డాక్టరు గారికి పెద్ద బెంగ ఏమిటంటే, చర్చి బేస్‌మెంట్‌లో జరిగే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకి వెళితే తన పేషెంట్లే ఎదురవుతారేమోనని!

1935లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో ఆ సంస్థ మొదలైంది ఇద్దరితోనే. ఒకరు న్యూయార్కు స్టాక్ బ్రోకరు బిల్ విల్సన్. రెండోవారు బాబ్ స్మిత్, స్వయంగా సర్జను. ఇద్దరు ముగ్గురు కూడినా అది గ్రూపే. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు. దేవుడి ప్రస్తావన వస్తుంది, నిజమే. ఎవరి దేవుడు వారికే.

సొంత ఊళ్ళో మొహమాటమైతే పక్క కౌంటీకి వెళ్ళండి. కరివేపాకు కోసం రెండు గంటలు డ్రైవ్ చేయడం లేదూ? ఫోనులో, కంప్యూటర్లో జరిగే మీటింగులూ ఉన్నాయి. డాక్టర్లకైతే 1949 నుంచీ వేరే బృందమే ఉంది. ఇంట్లోవాళ్ళకి ఆలనాన్ ఉంది. ఆయన కదలకపోయినా మీరు వెళ్ళవచ్చు.

రోజూ బాగా తాగేవారు మాత్రం ఒక్కసారిగా మానేయకూడదు. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టరుకి చెప్పండి. దగ్గర్లో ఏముందో తెలియకపోతే 1-800-662-4357కి ఫోన్ చేయండి. ఫెడరల్ ప్రభుత్వపు ఉచిత లైను, రాత్రీ పగలూ పలుకుతారు.