తాళం తీస్తేనే మోటారు తిరుగుతుంది

మన బస్తీలకు మోటారు కొత్త వస్తువు కాదు. రివైండింగ్ దుకాణాల్లో, మెకానిక్ షెడ్లలో ఉస్తాద్ చేతికింద పెరిగిన మన బిడ్డలు ఎందరో ఉన్నారు. కాలిపోయిన వైండింగును వాసనతోనే పసిగట్టగల నేర్పు వారిది. కాని ఆ మోటారు ఎప్పుడు తిరగాలో, ఎక్కడ ఆగాలో ఆజ్ఞాపించే విద్య మాత్రం మన గడప తొక్కడం లేదు. ఈ వెలితిని గురించే ఈ నెల ప్రస్తావించదలిచాము.

రోబోలో చలనం కలిగించే భాగాన్ని యాక్చుయేటర్ అంటారు. పిల్లలకు తొలి పాఠంగా చిన్న సర్వో మోటారు చాలు. దానికి మూడు తీగలు. సాధారణంగా ఎరుపుది 5 వోల్టుల విద్యుత్తుకు, గోధుమరంగుది గ్రౌండుకు, నారింజరంగుది ఆర్డ్యునో బోర్డు పంపే ఆజ్ఞకు. ప్రోగ్రాంలో 90 అని రాస్తే మోటారు చేయి 90 డిగ్రీల వద్ద నిలుస్తుంది. తాను రాసిన అంకెకు ఒక వస్తువు కదలడం చూసిన బిడ్డ ఇక పాఠాన్ని మరువదు.

రెండవది హద్దుల పాఠం. ఆ బోర్డులో ఒక్కొక్క పిన్ను నుండి 20 మిల్లీయాంపియర్లకు మించి తీసుకోవడం క్షేమం కాదు. బొమ్మకారు మోటారుకు అంతకు ఎన్నో రెట్లు కావాలి. అందుకే నడుమ డ్రైవర్ బోర్డు, విడిగా బ్యాటరీ, రెండింటి గ్రౌండు కలపడం అవసరం. ఇవి మరిస్తే మోటారు తిరగదు, ఒక్కొక్కప్పుడు బోర్డే పాడవుతుంది. ఎందుకు తిరగలేదో వెతకడంలోనే అసలు విద్య ఉంది.

1206లో దియార్‌బకర్ కొలువులో అల్ జజరీ యంత్రాల గ్రంథం పూర్తిచేశాడు. వుజూకు నీళ్లు పోసే యంత్రం అందులో ఉంది. అయితే ఆ పేరు తలచి మురిసినంత మాత్రాన మన పిల్లల చేతికి తీగ రాదు.

అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం కింద ఎంపికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. 6 నుండి 12 తరగతుల పిల్లల కోసం ఉద్దేశించిన పథకమిది. సామగ్రి ఉన్నచోట మరో చిక్కు ఉంది. మేము చూసిన ఒక పాఠశాలలో కిట్లు బీరువాలో భద్రంగా ఉన్నాయి. తనిఖీ రోజున మాత్రమే బయటికి వస్తాయట. ప్రభుత్వ కార్యాలయంలో జీవితం గడిపిన మాకు స్టాకు రిజిస్టరు భయం తెలియనిది కాదు. పాడైన వస్తువుకు జవాబు చెప్పుకోవలసింది ఉపాధ్యాయుడే. కనుక ఆయనను నిందించి ప్రయోజనం లేదు. ఒకటి రెండు వందల రూపాయల సర్వోను సుద్దముక్కలా వినియోగ వస్తువుగా లెక్క రాసుకొనేందుకు స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వాలని మా కోరిక.

తల్లిదండ్రులకూ ఒక విన్నపం. తదుపరి సమావేశంలో మార్కులతోపాటు, “మా బిడ్డ తన చేతితో మోటారు ఎప్పుడు కలుపుతుంది?” అని కూడా అడగండి. అబ్బాయిలు తీగలు కలుపుతుంటే అమ్మాయిలు పక్కన నిలబడి చూసే పద్ధతిని అంగీకరించకండి. రివైండింగ్ ఉస్తాద్‌లు నెలకొక ఆదివారం పిల్లల నడుమ కూర్చుంటే అంతకు మించిన సదఖా ఉండదు. వారి చేతి నేర్పు, పిల్లల ప్రోగ్రాం ఒకచోట కలవాలి.

హక్కు కాగితం మీద దక్కితే చాలదు. బీరువా తాళం తీయించడం కూడా హక్కుల పోరాటమే.