హాల్లో పెట్టిన సీసా

పోయిన నెల మా మరిది నాసిక్ వెళ్ళి ఒక వైట్ వైన్ సీసా తెచ్చాడు. మామూలుగా అయితే ఇలాంటివి నేరుగా మేడ మీదకు వెళ్తాయి. నేను పల్లీలు వేయించి, ఉల్లిపాయ తరిగి పైకి పంపిస్తాను. ఈసారి మాత్రం "వదినా, ఇది మీరూ రుచి చూడాలి" అని హాల్లో టీపాయ్ మీద పెట్టాడు. మల్కాజిగిరిలో మా ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు.

పేరు సావిన్యాన్ బ్లాంక్. నాలుక తిరగడానికే రెండు నిమిషాలు పట్టింది. ఫ్రిజ్‌లో చల్లబరిచి తలా రెండు గుక్కలు పోశాడు. ముందు వాసన చూడమన్నాడు. అది మనకొకరు నేర్పాలా? చారు వాసనతోనే ఉప్పు తగ్గిందని చెప్పేవాళ్ళం! దోర జామకాయ, అప్పుడే కోసిన పచ్చగడ్డి, చివర్లో నిమ్మతొక్క. తియ్యగా ఉంటుందనుకుని తాగితే పుల్లగా ఉంది. ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్ట్ తినేసి ఆల్కహాల్‌ చేస్తుందట, అందుకే తీపి మిగలదు. తొక్కలు తీసేసిన రసాన్ని చల్లటి స్టీలు ట్యాంకుల్లో పులియబెడతారు. చలికాలంలో ఇడ్లీ పిండిలాగా నెమ్మదిగా పులుస్తుంది, పండు వాసన ఎగిరిపోకుండా నిలుస్తుంది.

నాసిక్ అంటే ఒకప్పుడు తినే ద్రాక్షే. రాజీవ్ సమంత్ అనే ఆయన అమెరికాలో ఒరాకిల్ ఉద్యోగం వదిలి వచ్చి సూలా పెట్టారు. వాళ్ళ మొదటి వైన్లు 2000లో వచ్చాయి. ఇప్పుడు ఆ తోటలు చూడ్డానికే జనం వెళ్తున్నారు.

మా అత్తగారి పుట్టిల్లు ఉప్పల్. వాళ్ళ నాన్నకు అనాబ్-ఎ-షాహీ పందిరి ఉండేది. అది తినే పండే అనుకోండి, రసం ఎక్కువ, పరిమళం తక్కువ. ఇప్పుడు అక్కడ ప్లాట్లు. ఆవిడ తాగలేదు. తమ్ముడు సారాకే పోయాడు, ఎలా తాగుతారు? గ్లాసు మాత్రం ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది జామకాయ వాసన గదా బిడ్డా!" అన్నారు. నేనింకా ఎవరికీ చెప్పని మాట అది.

మర్నాడు మా ఆడపడుచు ఫోన్. "ఆడవాళ్ళూ మొదలుపెట్టారా?"

నిజమే, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచిన నేల మనది. 1995లో మద్యనిషేధం వచ్చిందీ, రెండేళ్ళకే సడలిందీ చూశాం. అందుకే వైన్ అయితే పరవాలేదు, గుండెకు మంచిది లాంటి కబుర్లు నేను చెప్పను. ఇందులోనూ పన్నెండు పదమూడు శాతం ఆల్కహాలే. ఎవరినీ తాగమననూ అనను. కానీ ఇరవై ఏళ్ళుగా మేడ మీద ఖాళీ అవుతున్న సీసాల గురించి ఒక్క ఫోనూ రాలేదే? పిల్లల ముందు, పెద్దల ముందు, హాల్లో రెండు గుక్కలు తాగితే వచ్చింది. దాచి తాగేది మర్యాద, కనిపించేలా రుచి చూసేది తప్పు, ఇదెక్కడి లెక్క?

ఇకమీదట ఏం తెచ్చుకున్నా హాల్లోనే కూర్చోవాలని, మేడ మీదకు పల్లీలు రావని మా వారికి చెప్పాను. ఆయన ఇంకా జవాబు చెప్పలేదు.