ఇరవై అయిదు పాయింట్ల లెక్క



2024 జనవరి నెలాఖరులో ఒక రాత్రి మా సంఘపు కుర్రవాడొకడు అమెరికా నుండి ఫోను చేశాడు. అయోవా రాష్ట్రంలో అయోవా సిటీ అనే ఊళ్ళో, అక్కడి విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదువుతున్నాడు. తల్లి ఆరోగ్యం సంగతి, మందిరపు శ్లాబు పని సంగతి అడిగిన తరువాత, "అయ్యగారూ, ఇక్కడ ఊరంతా ఒకటే గోల. ఎక్కడికి వెళ్ళినా అదే మాట" అన్నాడు. అధ్యక్ష పదవికి అభ్యర్థిని ఎంచుకొనే సభలు ఆ నెలలోనే ఆ రాష్ట్రంలో జరిగాయని పేపర్లో చదివి ఉన్నాను గనుక, రాజకీయాలనుకున్నాను. "అది కాదండీ, మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కొత్త కోచ్ వచ్చాడు" అన్నాడు. పోనీ పెద్ద కోచ్ కూడా కాదట. ఆయన కింద పనిచేసే ఒకాయనట.

నేను నవ్వాను. కాని అరగంట సేపు అతను చెప్పినదంతా విన్న తరువాత నాకు నవ్వు రాలేదు. ఎందుకో తరువాత చెబుతాను. ముందు ఆట సంగతి.

అమెరికావారు ఫుట్‌బాల్ అనేది మన పిల్లలు స్కూలు గ్రౌండులో ఆడే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతబట్టుకొని పరుగెత్తే ఆట. జట్టుకు పదకొండు మంది. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు పోవాలి. పోగలిగితే మరి నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. మూడింటిలో పని కాకపోతే చాలాసార్లు నాలుగోదానిలో బంతిని కాలితో దూరంగా తన్ని ఎదుటివారికి అప్పగిస్తారు. దాన్ని పంట్ అంటారు. (మన పొలాల పంటకూ దీనికీ చుట్టరికం లేదు. దీనిలో కోతపండుగ ఉండదు.) బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ఆడే ఆటగాళ్ళు వేరు, ఎదుటివారిని అడ్డుకొనే ఆటగాళ్ళు వేరు. మొదటివారిని అఫెన్స్ అంటారు, రెండవవారిని డిఫెన్స్ అంటారు. ఈ అఫెన్స్‌కు ఎప్పుడు ఏ ఎత్తు వేయాలో చెప్పే శిక్షకుణ్ణి అఫెన్సివ్ కోఆర్డినేటర్ అంటారు. అయోవాకు కొత్తగా వచ్చింది అటువంటి శిక్షకుడే.

ఆ జట్టుకు 1999 నుండి ముఖ్య శిక్షకుడు కర్క్ ఫెరెంట్జ్. 2017లో ఆయన కుమారుడు బ్రయన్ ఫెరెంట్జ్ ఆ అఫెన్స్ బాధ్యత మీదికి వచ్చాడు. తండ్రి కింద కొడుకు పనిచేయకూడదనే నియమం అక్కడ ఉన్నది. కనుక కొడుకు తండ్రికి కాక, విశ్వవిద్యాలయపు క్రీడాశాఖ అధిపతికి జవాబుదారి అని ఏర్పాటు చేసుకున్నారు. కాగితం మీద బాగానే ఉన్నది. ఆదివారం బల్ల దగ్గర తండ్రీకొడుకులు ఏం మాట్లాడుకుంటారో ఏ కాగితం ఆపగలదు?

మొదటి సంవత్సరాలు ఫరవాలేదు. తరువాత ఆట ఎండిపోయింది. 2022 సెప్టెంబరు 3న సౌత్ డకోటా స్టేట్ మీద అయోవా 7-3తో గెలిచింది. ఆ ఏడు పాయింట్లలో అఫెన్స్ తెచ్చినవి మూడే. మిగిలిన నాలుగూ డిఫెన్స్ వారు ఎదుటివారిని వారి గీత వెనుకే పడగొట్టి రెండుసార్లు రెండేసి చొప్పున సంపాదించినవి. ఆ సంవత్సరం ముందుకు నడిచిన గజాల లెక్కలో దేశంలోని 131 పెద్ద జట్లలో అయోవాది 130వ స్థానం. సొంత స్టేడియంలో సొంత అభిమానులే 'బూ' అని కేకలు వేయసాగారు.

2023 ఫిబ్రవరిలో ఒక వింత ఒప్పందం రాశారు. బ్రయన్ జీతం 9 లక్షల డాలర్ల నుండి 8 లక్షల 50 వేలకు తగ్గించారు. (అంటే సుమారు ఏడు కోట్ల రూపాయలు. తగ్గించిన తరువాత మాట! మన సంఘ కోశాధికారులు ఈ వాక్యం దాటి ముందుకు పోవలసిందిగా మనవి.) ఆ సంవత్సరం జట్టు సగటున ఆటకు 25 పాయింట్లు చేయాలి, కనీసం ఏడు ఆటలు గెలవాలి. అప్పుడే ఉద్యోగం కొనసాగుతుంది. పదమూడు ఆటలకు 325 పాయింట్లు. ఇక ఆ ఊళ్ళో చిన్నపిల్లవాడికి కూడా ఆ అంకె కంఠస్థం. ప్రతి శనివారం ఆట ముగియగానే ఇంకా ఎన్ని కావాలో లెక్క కట్టేవారు.

ఆ లెక్క తేలలేదు. సగటు 15.4 వచ్చింది. గజాల లెక్కలో 133 జట్లలో 133వ స్థానం. అయినా వింత చూడండి, ఆ జట్టు పది ఆటలు గెలిచింది! డిఫెన్స్ వారు ఎదుటివారిని కదలనివ్వలేదు. ఇక టోరీ టేలర్ అనే ఆస్ట్రేలియా యువకుడు బంతిని ఆ చివరికి తన్ని తన్ని, ఒక్క సంవత్సరంలో 4,479 గజాల పంట్లతో జాతీయ రికార్డు నెలకొల్పాడు. అఫెన్స్ ఓడినప్పుడల్లా పని దొరికే ఈ పంటరే ఊరికి ముద్దుబిడ్డ అయ్యాడు. అక్టోబరు 30న, ఇంకా నాలుగు మామూలు ఆటలు మిగిలి ఉండగానే, ఈ సంవత్సరంతో బ్రయన్ పని ముగుస్తుందని విశ్వవిద్యాలయం ప్రకటించింది. చివరి రెండు ఆటలలో 26-0, 35-0తో ఓడి వారు ఆ సంవత్సరం ముగించారు. తీర్పు ముందే చెప్పేసిన తరువాత ఒక మనిషి రెండు నెలలు ప్రతి ఉదయం లేచి అదే పనికి వెళ్ళాడు. దానిని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు గాని, నా మనస్సు అక్కడ కొంతసేపు నిలిచిపోయింది.

అభిమానుల సణుగు అంతా పాపమని నేననను. 1 సమూయేలు 8వ అధ్యాయము చదవండి. సమూయేలు వృద్ధుడై తన కుమారులైన యోవేలును, అబీయాను న్యాయాధిపతులుగా నియమించాడు. వారు తండ్రి మార్గమున నడువలేదు. పెద్దలు రామాకు వచ్చి ఆ మాట ముఖం మీదనే అన్నారు. రాజు కావాలని వారు అడగడం తప్పే గాని, కుమారులను గూర్చి వారు అన్నది అబద్ధం కాదు. సమూయేలు ప్రార్థనాపరుడు, నిందలేనివాడు. అయినా తన ఇంటివారి విషయములో ఆయన కన్ను మసకబారింది. మన సంఘములలో తండ్రి తరువాత కొడుకు, మామ తరువాత అల్లుడు బలిపీఠం ఎక్కుతున్న ఈ రోజులలో అయోవావారిని చూసి నవ్వే అర్హత మనకు అంతగా లేదు.

ఇక కొత్తగా వచ్చిన ఆయన పేరు టిమ్ లెస్టర్. వెస్టర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే జట్టు ఆడించినవాడు. 2017లో ఆ కాలేజీకే ముఖ్య శిక్షకుడుగా వెళ్ళాడు. ఆయనకు ముందున్న శిక్షకుడు 2016లో వరుసగా పదమూడు ఆటలు గెలిపించి, పెద్ద చోటు దొరికి వెళ్ళిపోయాడు. అటువంటివాడి తరువాత వెళ్ళడం ఎంత కష్టమో, మంచి ప్రసంగీకుని తరువాత ఒక పాస్టరేటుకు వెళ్ళిన ఏ కాపరినైనా అడగండి. ఆరు సంవత్సరాలలో లెస్టర్ 37 ఆటలు గెలిచి, 32 ఓడాడు. 2022 నవంబరులో తీసివేశారు. తాను చదివిన కాలేజీయే పొమ్మంది. 2023లో గ్రీన్ బే పాకర్స్ అనే వృత్తి ఆటగాళ్ళ జట్టులో, ఆటలను విశ్లేషించి చెప్పే పనిలో ఉన్నాడు. అక్కడి నుండి అయోవా పిలిచింది.

మా కుర్రవాడు విన్న మాటలు ఇవి. పేరున్నవాడు దొరకలేదా? అక్కడ పనికిరానివాడు ఇక్కడ పనికివస్తాడా? పెద్దాయన తన మాట వినేవాణ్ణే ఏరుకున్నాడు, చూస్తూ ఉండండి. 2021లో ఈయన జట్టే పిట్స్‌బర్గ్ వంటి పెద్ద జట్టును 44-41తో ఓడించిందిగదా అని ఒకరిద్దరు గుర్తు చేశారట. వారి మాట ఎవరూ చెవిని పెట్టలేదు. ఎవరైతేనేమి, ఇంతకంటే దిగజారేందుకు చోటు లేదుగదా అని కొందరు సంతోషించారట! ఆయన ఇంకా ఒక్క ఎత్తు కూడా వేయలేదు. ఊళ్ళో ఇల్లు కూడా చూసుకొని ఉండడు.

నాకు నవ్వు ఆగిపోయింది ఇక్కడే.

కొన్ని సంవత్సరాల క్రితం నన్ను ఒక పాస్టరేటు నుండి సంవత్సరం మధ్యలో మార్చారు. కమిటీలో ఒక తగవు. అందులో నా తప్పు కొంత ఉన్నది, లేనిది కొంత ఉన్నది. కొత్త ఊరికి మా సామాను లారీ కంటే ముందు ఆ వార్త చేరింది. మొదటి ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత నేను గుమ్మం దగ్గర అందరికీ వందనాలు చెబుతున్నాను. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. మందిరం వెనుక మెట్ల మీద కూర్చొని ఉన్నది. అక్కడ చెప్పులు వేసుకుంటున్న ఇద్దరు పెద్దలు, "అక్కడ నిలవనివాడు ఇక్కడేం నిలుస్తాడు? ఇద్దరు పాస్టర్లకు సరిపడా కానుకలిచ్చే సంఘం మనది. మనకు ఇలాంటివాణ్ణా పంపేది?" అనుకున్నారు. అన్నం దగ్గర అమ్మాయి అడిగింది, "నాన్నా, మనల్ని అక్కడి నుంచి తరిమేశారా?" అని. నా భార్య చేతిలో గరిటె ఆగిపోయింది. నేను "అన్నం తిను తల్లీ" అన్నాను. అంతకంటే మాట రాలేదు. వేల ప్రసంగాలు చేసిన నోరు అది.

ఆ తరువాత ఆరు నెలలు నేను కూడా అంకెలే లెక్కపెట్టుకున్నాను. ఈ ఆదివారం ఎంతమంది వచ్చారు, కానుక ఎంత, ఎవరు రాలేదు. పాత అయ్యగారి కాలంలో రెండు వందలు దాటేదట. ఆ అంకె నాకూ కంఠస్థమే. ప్రసంగం సిద్ధపడుతూ వాక్యము చూడవలసినవాణ్ణి, వెనుక బల్లలు నిండుతాయా అని ఆలోచించేవాణ్ణి. ఇరవై అయిదు పాయింట్ల లెక్క పెట్టుకొని ఆడేవాడు తన ఆట ఆడలేడు. ఓటమికి భయపడేవాడి ఆటే ఆడతాడు.

ఆ సంఘములో రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. ఆ సోమవారం ఉదయం స్కూటరు మీద పాస్టరుగారింటికి వచ్చారు. కాఫీ తాగారు. "అక్కడ ఏం జరిగిందో నాకు చెప్పనక్కరలేదు, అయ్యగారూ. ఇక్కడ మీకు ఇళ్ళు తెలియవుగదా, ఎక్కండి" అన్నారు. మూడు రోజులలో నలభై ఇళ్ళు తిప్పారు. ప్రతి గుమ్మం దగ్గర "మన అయ్యగారు" అనేవారు. కొత్త అయ్యగారు అని ఒక్కసారి కూడా అనలేదు. మెట్ల దగ్గర ఆ మాట అన్న ఇద్దరి ఇళ్ళకు కూడా తీసుకువెళ్ళారు. వాళ్ళెవరో ఆయనకు తెలియదు. నాకూ అప్పటికి తెలియదు.

సౌలు యెరూషలేముకు వచ్చినప్పుడు శిష్యులు ఆయనను నమ్మలేదు, భయపడ్డారు. వారి భయానికి కారణం ఉన్నది. బర్నబా ఆయనను చేరదీసి అపొస్తలుల యొద్దకు తోడుకొనిపోయాడు (అపొ. కార్య. 9వ అధ్యాయము). తరువాత మార్కు అనబడిన యోహాను పంఫూలియలో పని విడిచి వెళ్ళిపోయినప్పుడు, మళ్ళీ వెంట తీసుకుపోవడానికి పౌలే ఒప్పుకోలేదు. తనను ఒకనాడు చేరదీసిన బర్నబాతోనే తగవుపడి విడిపోయాడు. బర్నబా మార్కును తీసుకొని కుప్రకు ఓడ ఎక్కాడు. చాలా ఏళ్ళకు పౌలు చెరలో నుండి తిమోతికి ఉత్తరం రాస్తూ, మార్కును వెంటబెట్టుకొని రమ్మన్నాడు, తన పనికి అతడు ఉపయోగపడతాడన్నాడు. ఆ మధ్య సంవత్సరాలలో బర్నబా ఏం చేశాడో వాక్యములో లేదు. బహుశా ఇళ్ళు చూపించి ఉంటాడు.

ఇంత రాస్తున్నానుగదా, మా సంఘానికి రెండేళ్ళ క్రితం ఒక ఉపదేశిని పంపినప్పుడు నేను మొదట చేసిన పని ఏమిటో కూడా రాయాలి. పాత చోటికి ఫోను చేసి, అతన్ని ఎందుకు తీశారని అడిగాను. స్కూటరు ఎక్కించుకోవడం ఆ తరువాత గుర్తుకు వచ్చింది.

2024 ఆగస్టు 31న లెస్టర్ మొదటి ఆట. మా కుర్రవాడు ఆ రోజు స్టేడియంలో ఉన్నాడు. కిన్నిక్ స్టేడియంలో దాదాపు డెబ్బై వేల మంది పడతారు. దాని పక్కనే పెద్ద పిల్లల ఆసుపత్రి ఉన్నది. ఆటలో మొదటి భాగం ముగియగానే ఆ జనమంతా వెనుకకు తిరిగి, పై అంతస్తుల కిటికీల దగ్గర నిలిచిన రోగులైన పిల్లలకు చేతులు ఊపుతారు. ఎదుటి జట్టువారు, రెఫరీలు కూడా ఊపుతారు. 2017 సెప్టెంబరు 2న మొదలైంది ఈ అలవాటు. బ్రయన్ ఫెరెంట్జ్ ఆ పదవిలో ఆడించిన మొదటి ఆట కూడా ఆనాటిదే. ఆయన మీద కేకలు వేసిన నోళ్ళూ, ఆ పిల్లలకు ఊపిన చేతులూ ఒకరివే.

మొదటి ఆటలో సగం ముగిసేసరికి స్కోరు 6-0. "మళ్ళీ పాత కథే" అని వెనుక వరుసలో ఒకాయన లేచి వెళ్ళిపోయాడట. చివరికి 40-0తో గెలిచారు. ఆ సంవత్సరం కేలెబ్ జాన్సన్ అనే ఆటగాడు బంతితో పరుగెత్తి 21 టచ్‌డౌన్లు చేశాడు. అది ఆ విశ్వవిద్యాలయపు రికార్డు. పదమూడు ఆటలలో జట్టు 360 పాయింట్లు చేసింది. సగటు 27.7. ఎవరూ అడగకుండానే ఆ పాత నిబంధనలోని 325 దాటిపోయింది. గెలిచినవి మాత్రం ఎనిమిదే. కొడుకు చివరి సంవత్సరం కంటే రెండు తక్కువ.

నూతన సంవత్సర వందనాలు చెప్పడానికి అబ్బాయి ఫోను చేసినప్పుడు నేనే అడిగాను, ఇప్పుడేమంటున్నారయ్యా మీ వాళ్ళు అని.

"పరుగు బాగుందండీ అయ్యగారూ. బంతి విసరడమే బాగాలేదంటున్నారు."