ఇంగ్లీషు ముచ్చట్లు: అవయవముల పేరిట నుడికారములు

ఏ భాషయందైనను పదములకు నిఘంటువు అర్థము చెప్పును. నుడికారమునకు మాత్రము ఆ యింటివారే అర్థము చెప్పవలెను. "ఆమె ముక్కున వేలు వేసికొనెను" అన్నచో ఆశ్చర్యపడెనని మన పసిపిల్లలును ఎఱుగుదురు. తెలుగు నేర్చుకొనుచున్న పరదేశపు వనిత మాత్రము ఆ ముక్కునకు ఏమి కీడు మూడినదో యని విచారించును. ఇంగ్లీషు విషయమున మన పాటును అట్టిదే. పిల్లల బడినుండి వచ్చు చీటీలును, దూరదేశములందున్న బిడ్డల జాబులును ఇట్టి మాటలతో నిండియుండును గనుక, ఈ మాసమున కొన్నిటిని సోదరీమణుల ముందుంచుచున్నాము.

మొదట మనకు చుట్టములైనవానిని చూతము. "అప్ టు మై నెక్ ఇన్ వర్క్" అనగా పీకలదాక పని. "కీప్ ఎన్ ఐ ఆన్ ది చైల్డ్" అనగా బిడ్డపై ఒక కన్ను వేసియుంచుము. "స్లిప్ ఆఫ్ ది టంగ్" అనునది మన నోరుజారుటయే. పాఠమును మనము కంఠమున నిలుపుకొందుము. వారు హృదయమున నిలుపుకొందురు. అందుచే మన కంఠస్థము వారికి "బై హార్ట్" అయినది.

చుట్టములవలె కనబడి మోసపుచ్చునవి వేఱే కలవు. మనలో ఒకరి కాలు పట్టి లాగుట యనగా వారి అభివృద్ధికి అడ్డుపడుట. ఇంగ్లీషున "పుల్లింగ్ యువర్ లెగ్" అనగా వేళాకోళమాడుట మాత్రమే. కోడలు జాబులో ఆ మాట వ్రాసినచో అత్తగారు కినుక వహింపనక్కఱలేదు. అట్లే "గివ్ మి ఎ హ్యాండ్" అనగా సాయపడుమని. మన వాడుకలో "చేయిచ్చెను" అన్నచో నమ్మించి విడిచిపెట్టెనని కదా! ఇక "లూజ్ హార్ట్" అనగా ధైర్యము కోల్పోవుట. "లూజ్ వన్స్ హార్ట్" అనగా వలపులో పడుట. నడుమ ఒక్క చిన్న మాట చేరినంతనే పరీక్షకు జంకిన పిల్ల పెండ్లికి సిద్ధమైనదగును. చదువునప్పుడు చిన్న మాటలను దాటిపోరాదు.

అమ్మాయి నాట్యప్రదర్శనమునాడు ఆమె స్నేహితురాలు "బ్రేక్ ఎ లెగ్" అని వ్రాసినచో పెద్దలు ఉలికిపడుదురు. అది కాలు విఱుగవలెనను శాపము కాదు. జయము కలుగుగాక యను దీవెన. రంగమెక్కబోవువారికి నేరుగా శుభము పలికినచో కీడు కలుగునని నాటకశాలలవారికి ఒక నమ్మకము కలదు. బిడ్డలు దక్కనియిండ్ల పుట్టిన శిశువునకు పెంటయ్య యని, పుల్లయ్య యని పేరు పెట్టిన మన పూర్వులకు ఈ మర్మము ఎవరును చెప్పనక్కఱలేదు.

కొన్నిటి వెనుక కథలు కలవు. "టర్నింగ్ ఎ బ్లైండ్ ఐ" అనగా తప్పును చూచియు చూడనట్లుండుట. నెల్సన్ అను ఆంగ్ల నౌకాసేనాని 1794లో కోర్సికా ద్వీపమున గాయపడి కుడికంటి చూపు పోగొట్టుకొనెను. 1801లో కోపెన్‌హాగెన్ యుద్ధమున పై యధికారి పోరు చాలింపుమని సంకేతమంపగా, ఆతడు ఆ కంటికే దుర్భిణి పెట్టుకొని "నాకు కనబడలేదు" అనెనని చెప్పుకొందురు. "అకిలీజ్ హీల్" అనునది గ్రీకుల కథ. తల్లి బిడ్డను మడమ పట్టుకొని పవిత్రనదిలో ముంచగా, తడియని ఆ మడమయే వానికి చావుచోటైనది. బలవంతునియందలి ఏకైక దౌర్బల్యమునకు ఆ పేరు నిలిచినది. దుర్యోధనుని తొడల కథ వినిన మనకు ఇది క్రొత్త గాదు.

చివరకు ఒక హెచ్చరిక. "హార్ట్‌బర్న్" అను మాటలో గుండె యున్నను ఆ వ్యాధి గుండెది కాదు. జీర్ణాశయపు పులుపు అన్ననాళమునకు ఎగదట్టుటచే రొమ్మున పుట్టు మంట. మన దేశపు పత్రికలు పదవి దక్కనివారి కడుపుమంటకును ఈ మాటను వాడును. అయినను నిజమైన గుండెపోటు సైతము ఒక్కొక్కప్పుడు ఇట్టి మంటవలెనే తోచును. రొమ్మున బరువు, చెమట, ఆయాసము, చేతికిగాని దవడకుగాని ప్రాకు నొప్పి కలిగినచో, పులిత్రేన్పులేయని ఇంట ఊరకుండక వెంటనే వైద్యుని చేరవలెను. అచ్చట నుడికారములు పనికిరావు. ఎచ్చట, ఎప్పటినుండి, ఎట్లున్నదో సాదామాటలలో చెప్పుటయే మేలు. తెలియని మాటకు అర్థమడుగుట ఎచ్చటను చిన్నతనము కాదు. అడుగక తలయూపుటయే చేటు.

వచ్చు మాసమునకు మూడు మాటలు విడిచిపెట్టుచున్నాము: "స్వీట్ టూత్", "కోల్డ్ షోల్డర్", "ఆల్ థంబ్స్". వీనికి సరిపడు తెలుగు పలుకుబడులను సోదరీమణులు ఆలోచించియుంచవలెనని మా కోరిక.