పూటకాపు ఎవరు?

క్రిస్మస్ వచ్చిందంటే అనాథాశ్రమాలకు కేకులు, దుప్పట్లు మోసుకెళ్లే సంఘాలకు కొదవ లేదు. మంచిదే. నేను అడిగేది ఆ పసిపిల్లల అన్నల గురించి, అక్కల గురించి. పద్దెనిమిదేళ్లు నిండి, ఒక పెట్టె పట్టుకుని ఆశ్రమం గడప దాటేవాళ్ల గురించి. పసివాణ్ణి చూస్తే మనకు జాలి. మీసం మొలిచినవాణ్ణి చూస్తే అనుమానం. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని తీర్పు ఘట్టం మనకందరికీ కంఠతా వచ్చు. ఆకలిగొన్నవారు, పరదేశులు, చెరసాలలో ఉన్నవారు అందరూ అందులో ఉన్నారు. వయోపరిమితి మాత్రం లేదు. అది మనం పెట్టింది.

1841లో గురుపట్టం పొందిన జాన్ బోస్కో ఇటలీలోని ట్యూరిన్ జైళ్లలో కుర్రాళ్లను చూశాడు. బయట దిక్కు లేక, విడుదలైనవాళ్లే మళ్లీ వచ్చి పడుతున్నారు. ఆయన వాళ్లకు నీడ ఇచ్చాడు, చదువు చెప్పాడు. అంతటితో ఆగలేదు. 1850ల తొలినాళ్లలో, పని నేర్చుకునే కుర్రాళ్ల తరఫున యజమానులతో రాతపూర్వకంగా ఒప్పందాలు చేయించాడు. కొట్టకూడదు, మాటతోనే దిద్దాలి. పండుగనాడు సెలవివ్వాలి. వృత్తి నేర్పాలి గాని ఇతర చాకిరీ చేయించకూడదు. ఆ కాగితం మీద తానూ సంతకం పెట్టాడు. ఆయన స్థాపించిన సలేసియన్ సభ 1906లోనే మన తంజావూరుకు వచ్చింది కనుక ఇది పరాయి దేశపు ముచ్చట అని తోసెయ్యలేం.

నేను బి.కాం. చదివి బ్యాంకులో తల నెరిసినవాణ్ణి. పూచీ సంతకం బరువు నాకు తెలుసు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, అప్పు తీసుకున్నవాడు కట్టకపోతే పూచీదారు కట్టాలి. దుప్పటి పంచినవాడికి ఆ బెడద లేదు. చేతులు దులుపుకుని ఇంటికి పోవచ్చు. చదువు అప్పు కావాలంటే సాధారణంగా తల్లో తండ్రో కలిసి సంతకం చేయాలి. ఆశ్రమంలో పెరిగినవాడు ఎవరిని వెంటబెట్టుకు వస్తాడు? ఇల్లు అద్దెకిచ్చేవారు “మీ పెద్దవాళ్లెవరు?” అంటారు. కొలువిచ్చేవారు “నిన్నెరిగినవాళ్లెవరు?” అంటారు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ఇరవై ఒకటి నిండేదాకా వీరికి అనంతర సంరక్షణ ఉండాలంది. సర్కారు డబ్బు ఇవ్వగలదు. పెద్దదిక్కును ఇవ్వలేదు.

“పూచీ పడవద్దని సామెతల గ్రంథమే చెబుతోంది కదా!” అని ఒక సంఘ పెద్ద నాతో వాదించారు. చెబుతోంది, కాదనను. తాహతు చూసుకోకుండా సంతకం పెట్టొద్దని మా బ్యాంకు వాళ్లమూ చెబుతాం. కాని ఫిలేమోనుకు రాసిన పత్రిక కూడా ఆ గ్రంథంలోనే ఉంది. ఒనేసిము అనే దాసుడు ఏమైనా బాకీ ఉంటే తన లెక్కలో వేసుకొమ్మని పౌలు స్వయంగా రాసిచ్చాడు. ఆ దాసుడి నడవడికకు ఎవరి హామీ అడిగాడు? హెబ్రీ పత్రిక క్రీస్తునే పూచీదారు అంటుంది. మన పాత తెలుగు బైబిల్లో దానికి వాడిన మాట ‘పూటకాపు’. ప్రభువు పూటపడితే స్తోత్రం చెబుతాం. మనల్ని పూటపడమంటే సామెతలు వల్లిస్తామా?

ఈ ఊళ్లలో మనమూ ఒకనాటి పరదేశులమే. పొట్ట చేతబట్టుకుని వచ్చిన మన తాతముత్తాతలకు “వీడు మావాడే” అని ఎవరో ఒకరు మాట ఇవ్వబట్టే కదా మనకు ఇల్లూ వాకిలీ ఏర్పడ్డాయి!

నేను కోరేది పెద్ద పథకం కాదు. ప్రతి సంఘమూ ఏడాదికి ఒక్కరిని ఎంచుకోవాలి. సంఘ సభ్యుల్లో ఇద్దరు ఆ బిడ్డ చదువు కాగితం మీద, అద్దె కాగితం మీద సంతకం పెట్టాలి. వాయిదా తప్పితే భరించడానికి సంఘం కొంత సొమ్ము విడిగా ఉంచాలి. పెళ్లి మాటలకు కూర్చోవలసి వస్తే వాళ్లే కూర్చోవాలి. ఈసారి వార్షిక సభలో జమాఖర్చులు చదివేటప్పుడు ఎన్ని దుప్పట్లు పంచామో చెప్పకండి. ఎందరికి పూటపడ్డామో చెప్పండి.