వాడ నుంచి విదేశాంగం దాకా - 3

కర్నూలులో పీజీ చేస్తున్న కడప తమ్ముడొకడు మొన్న అడిగాడు: "అన్నా, ఇంటర్నేషనల్ రిలేషన్స్ అంటే ఢిల్లీ పిల్లోళ్ల చదువు కదా, మనట్లాంటోళ్లకు కుదురుతాదా?"

"మీ వాడలో కువైట్ పోయొచ్చిన ఆడోళ్లు ఎంతమంది?" అన్నాను. లెక్కపెట్టడానికి వానికి వేళ్లు చాలలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రాజంపేట, రాయచోటి తల్లుల పాస్‌పోర్టు కువైట్ సేఠు బీరువాలో ఉండటం కూడా అంతర్జాతీయ సంబంధమే. దాని పేరు కఫాలా. యజమాని ఒప్పుకోకుండా పనిమనిషి ఇల్లు మారడం కష్టం.

ఎంతమంది పోయారో సర్వే చెప్తుంది. జీతం ఆగిన నెలలో ఆమె ఎంబసీకి కాకుండా ఏజెంటుకే ఎందుకు ఫోన్ చేసిందో, పక్కన కూర్చుని వింటేనే తెలుస్తుంది. క్వాలిటేటివ్ పరిశోధన అంటే ఇదే. "కష్టాలు పడ్డావా అమ్మా?" అని అడిగితే అవునంటుంది, అయిపోతుంది. "మొదటి రోజు ఎట్లా గడిచిందమ్మా?" అని అడిగి నోరు మూసుకోండి. రికార్డు చేసే ముందు ఒప్పుదల తీసుకోండి, రాసేటప్పుడు పేరు మార్చండి. ఏజెంటునీ అడగండి, రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. మనకు ఆమె మనసు విప్పి చెప్తుంది. అదే మనకు చిక్కు కూడా: తెలిసిందే కదా అని అసలు ప్రశ్న వదిలేస్తాం.

ఇట్లాంటి వాంగ్మూలాలకు విలువేముంది అంటారా? 2001లో దళిత సంఘాలు డర్బన్ సదస్సుకు పోతే, కులం జాతి వివక్ష కిందికి రాదని మన ప్రభుత్వం వాదించింది. 2002లో జెనీవాలో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ దళితుల మాటా విని, 29వ సాధారణ సిఫార్సులో కులాన్ని పేరు పెట్టి చేర్చింది.

ఇక సిమ్యులేషన్. మాక్ ఐక్యరాజ్యసమితి పోటీలంటే ఫీజు, ఇంగ్లీషు, కోటు. (కోటు మీద నాకు కోపం లేదు, బాబాసాహెబ్ వేసిందే.) మీరు హాస్టల్ భోజనాల హాల్లో తెలుగులోనే ఆడండి. 2018 తీసుకోండి: కువైట్‌లో తమ పనిమనిషి శవం ఫ్రీజర్‌లో దొరికాక ఫిలిప్పీన్స్ మనుషుల్ని పంపడం ఆపేసింది. మే నెలకల్లా ఒప్పందం సాధించింది: పాస్‌పోర్టు, ఫోన్ పనివాళ్ల దగ్గరే ఉండాలని. మన దేశం కువైట్‌తో ఇంటిపనివాళ్ల మీద ఒప్పందం చేసుకుంది 2021లో. మూడేళ్ల ముందే మనం బల్ల దగ్గర కూర్చునుంటే ఏం అడిగేవాళ్లం, ఏం వదులుకునేవాళ్లం?

ఎవరి అమ్మ కువైట్‌లో ఉందో వాళ్లే కువైట్ అధికారి పాత్ర వెయ్యాలి. నొప్పిగానే ఉంటుంది. కానీ అవతలివాడు దేనికి భయపడతాడో ఆ కుర్చీలో కూర్చుంటేనే అర్థమవుతుంది.

ఆట అయ్యాక గంటసేపు మాట్లాడుకోండి, ఎవరు ఎక్కడ మెత్తబడ్డారో రాసి పెట్టండి. ఆ కాగితాలు నాకు పంపితే, నాలుగో భాగం వాటి మీదే.

జై భీమ్.