కాలేజీ రేడియో ఉన్నది సినిమా పాటలకేనా?

మొన్నామధ్య నేను చదువుకున్న ఇంజనీరింగు కాలేజీకి వెళ్ళాను. పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుని వాళ్ళ రేడియో స్టేషనుకి రికార్డింగు గది కట్టించాం లెండి, దాని ప్రారంభోత్సవం. మంచి మైకులు, మిక్సరు, శబ్దం బయటికి పోకుండా గోడలకి పలకలు, అన్నీ బాగున్నాయి. శాలువాలు కప్పారు, ఫోటోలు దిగాం. అంతా అయ్యాక మూడో సంవత్సరం చదివే అమ్మాయి వచ్చి, "అన్నా, మేం చేసిన డాక్యుమెంటరీ ఒకటుంది, వింటారా?" అంది. పద్నాలుగు నిమిషాలు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను.

విషయం సర్టిఫికెట్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు ప్రభుత్వం నుంచి రాలేదని, పక్క ఊరి కాలేజీ ఒకటి ఓ కుర్రాడి ఒరిజినల్స్ ఆపేసింది. ఉద్యోగం వచ్చింది. వెరిఫికేషన్‌కి ఒరిజినల్స్ తెమ్మన్నారు. బాకీ కడితే ఇస్తామంది కాలేజీ. వాళ్ళమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టింది. ఆవిడ గొంతులో ఏడుపేమీ లేదు. వడ్డీ ఎంతో, ఎన్ని నెలలైందో లెక్క చెబుతుంది, అంతే. ఆ తర్వాత కాలేజీ అకౌంట్స్ ఆయన్ని కూడా మాట్లాడించారు. "సర్కారు డబ్బులివ్వకపోతే లెక్చరర్ల జీతాలు నేనెక్కణ్ణించి తేవాలమ్మా?" అంటాడాయన. అక్కడక్కడా ఎడిటింగు అతుకులు తెలుస్తున్నాయి గానీ, రెండు పక్షాలూ వినిపించాయి. మన న్యూస్ చానెళ్ళలో ఈపాటి న్యాయం చూసి ఎన్నాళ్ళయింది?

"ఎప్పుడు వేశారు?" అన్నాను.

"వెయ్యలేదన్నా. వద్దన్నారు."

ప్రిన్సిపాల్ గారిని అడిగాను. "అది కరెంట్ అఫైర్స్ కిందకొస్తుందయ్యా. రేపు లైసెన్సు పోతే? నీకు తెలియనిదేముంది!" అన్నారు. నేను తలూపి భోజనానికి వెళ్ళిపోయాను. ఇప్పుడీ టపా రాస్తున్నది ఆ తలూపుడు మీద.

ముందు ఆయన మాటలో నిజమెంతో చూద్దాం. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీం కోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. అందులో విడిగా తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి మన తెలుగాయనే. ఐనా విద్యాసంస్థలకి రేడియో పెట్టుకునే దారి 2002 చివర్లో గానీ తెరుచుకోలేదు. 2004లో చెన్నై అన్నా విశ్వవిద్యాలయంలో మొదటి క్యాంపస్ స్టేషన్ మొదలైంది. 2006లో స్వచ్ఛంద సంస్థలకీ అవకాశమిచ్చారు. ఐతే ఒక మెలిక పెట్టారు: వార్తలు, వర్తమాన వ్యవహారాలు, రాజకీయ స్వభావం ఉన్న కార్యక్రమాలు వెయ్యకూడదు. తర్వాత్తర్వాత ఆకాశవాణి వార్తల్ని ఉన్నదున్నట్టు వేసుకోనిచ్చారు గానీ, సొంతంగా మాత్రం ఇప్పటికీ కుదరదు.

కాబట్టి భయం ఊరికే పుట్టలేదు, ఒప్పుకుంటాను. కానీ అదే 2006 విధానం ఇంకో మాట కూడా చెప్పింది. విద్య, ఆరోగ్యం, వ్యవసాయం, సాంఘిక సంక్షేమం మీద దృష్టి పెట్టాలి, కనీసం సగం కార్యక్రమాలు స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలి అని. ఒరిజినల్స్ కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ సంగతి విద్యార్థులకి చెప్పటం విద్య కాదా? తాకట్టు పెట్టిన తల్లి మాట సాంఘిక సంక్షేమం కిందకి రాదా? ప్రిన్సిపాల్ గారికి మొదటి పేరా గుర్తుంది, రెండోది గుర్తులేదు. ఏ నిబంధన అడ్డమో రాసివ్వమని ఆ పిల్లలు అడిగితే, అదీ ఇవ్వలేదట.

మన భాషలో చెప్పాలంటే, అలర్టులన్నీ ఆపేసి ప్రొడక్షన్ భేషుగ్గా ఉందని క్లయింటుకి మెయిలు కొట్టడమే ఇది. ఆ పని మన టీములో ఎవడైనా చేస్తే ఊరుకుంటామా?

"పిల్లలకేం తెలుసు, పాటలేసుకోనీ" అనేవాళ్ళున్నారు. అమెరికాలో ఉన్న మిత్రులకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. 1993లో చికాగోలో పేదల ప్రభుత్వ గృహ సముదాయం పక్కన ఉండే ఇద్దరు కుర్రాళ్ళు, లియాలన్ జోన్స్, లాయిడ్ న్యూమన్, టేప్ రికార్డరు పట్టుకుని పది రోజులు తమ బతుకు తామే రికార్డు చేశారు. ఒకడికి పదమూడేళ్ళు, ఇంకొకడికి పద్నాలుగు. డేవిడ్ ఐసే అనే నిర్మాత వెనక నిలబడ్డాడు. అదే "ఘెట్టో లైఫ్ 101". తర్వాత అదే సముదాయంలో ఐదేళ్ళ పిల్లాణ్ణి పద్నాలుగో అంతస్తు నించి తోసేసిన ఘటన మీద ఇంకోటి చేశారు. దానికి పీబడీ అవార్డొచ్చింది. వాళ్ళకున్నదీ మైకే, మనవాళ్ళకున్నదీ మైకే. తేడా వెనక నిలబడ్డ పెద్దమనిషి దగ్గరుంది.

అంత దూరం ఎందుకు, జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 నుంచి దళిత మహిళలు సంఘం రేడియో నడుపుతున్నారు. వాళ్ళ విత్తనాలు, వాళ్ళ పంటలు, వాళ్ళ ఆరోగ్యం, వాళ్ళ యాసలోనే. బడి మొహం సరిగా చూడనివాళ్ళకి చేతనైంది, కోట్ల ఫీజులు వసూలు చేసే కాలేజీకి చేతకాదంటే నమ్మమంటారా?

ఇంకో వాదన మనవాళ్ళ దగ్గరే ఎక్కువ వినిపిస్తుంది. "ఇప్పుడు రేడియో ఎవడు వింటున్నాడు బాబూ, యూట్యూబులో పెట్టుకోమను." పెట్టొచ్చు. పెడితే ఏమవుతుంది? ఆ అమ్మాయి పేరు బయటికొస్తుంది, హాజరు తగ్గుతుంది, ఇంటర్నల్స్‌లో మార్కులు తగ్గుతాయి. ఒంటరిగా మాట్లాడిన పిల్లదాని నోరు నొక్కటం తేలిక. స్టేషను వేస్తే బాధ్యత స్టేషనుది. ప్రసారమైన ప్రతి కార్యక్రమాన్నీ మూడు నెలలు దాచిపెట్టాలన్న నిబంధన కూడా ఉంది, కాబట్టి తప్పుంటే నిలదీయొచ్చు. సొంత పాడ్‌కాస్టుకి ఈ నీడ ఉండదు. పైగా వంద వాట్ల ట్రాన్స్‌మీటరైనా చుట్టుపక్కల ఊళ్ళకి వినబడుతుంది. ఆ తల్లికి డేటా ప్యాక్ అక్కర్లేదు.

"కాలేజీల్లోకి రాజకీయాలొస్తాయి" అంటారా? ఫీజు ప్రభుత్వం ఇవ్వాల్సింది, ఆపింది ప్రభుత్వం, సర్టిఫికెట్టు దాచింది యాజమాన్యం. రాజకీయం ఎప్పుడో వచ్చి కూర్చుంది. దాని గురించి మాట్లాడటానికి మాత్రం పిల్లలకి అనుమతి లేదు!

ఆ నిబంధన పోవాలి. దానికి కోర్టులు, ఢిల్లీ, బోలెడు టైము పడుతుంది. కానీ మన చేతిలో ఉన్నది ఒకటుంది, చెక్కుబుక్కు. కాలేజీకి డబ్బులిచ్చేటప్పుడు మూడు షరతులు పెడదాం. వారానికి అరగంట విద్యార్థుల డాక్యుమెంటరీకి కేటాయించాలి. ఏది వెయ్యాలో తేల్చే కమిటీలో విద్యార్థులు సగం ఉండాలి. వద్దంటే ఏ నిబంధన ప్రకారం వద్దో కాగితం మీద రాసివ్వాలి. మొదటి రెండూ కాదన్నా సరే, మూడోది మాత్రం వదలొద్దు. నోటిమాటగా "వద్దు" అనటం చాలా తేలిక, సంతకం పెట్టి అనటం కష్టం.

మా బ్యాచ్ రెండో విడత డబ్బు ఇంకా నా దగ్గరే ఉంది. ఈ మూడూ రాసి ప్రిన్సిపాల్ గారికి మెయిలు పంపాను. "నువ్వు కూడా ఏంటయ్యా" అని ఫోను చేశారు. ఈసారి తలూపలేదు. మీ కాలేజీలోనూ రేడియో ఉంటే, శాలువా కప్పించుకునే ముందు ఒక్కసారి అడగండి: మీ పిల్లలు చేసి, మీరు వెయ్యనివి ఏమున్నాయి అని.